గేటు దగ్గర ఆగిన సీమంతం

నా ఉద్యోగం తప్పులు వెతకడం. ఎవరో రాసిన ప్రోగ్రాం ఎక్కడ కూలిపోతుందో ముందే కనిపెట్టి చెప్పడానికి హైటెక్ సిటీలో ఒక కంపెనీ నాకు జీతం ఇస్తోంది. అన్నీ సవ్యంగా జరుగుతాయని నమ్మే మనిషి ఈ పనికి పనికిరాడు, నేను బాగా పనికొచ్చాను. ఇంట్లోనూ అదే బుద్ధి. కుక్కర్ విజిల్ ఆలస్యమైతే వాల్వు పోయిందనుకుంటాను. మా ఆయన ఫోన్ ఎత్తకపోతే ఫ్లైఓవర్ మీద ఏదో అయిందనుకుంటాను. అలాంటిదాన్ని, మా అమ్మాయి తర్వాత మళ్ళీ నెల తప్పినప్పుడు మాత్రం ఒక్క చెడ్డ ఊహ కూడా రాకుండా ఎగిరి గంతేశాను.

అప్పుడు అమ్మాయికి ఆరేళ్ళు. బిడ్డ పుట్టబోతోందన్న సంబరంలో పెద్దపిల్లల్ని కూడా కలుపుకోవాలని, లేకపోతే వచ్చేవాళ్ళ మీద కుళ్ళుకుంటారని ఆఫీసులో తోటి తల్లులు చెప్పారు. సరేనని కలుపుకున్నాం. ‘నేను అక్కను కాబోతున్నాను’ అని ఇంగ్లీషులో అచ్చేసిన టీషర్టు ఆన్‌లైన్‌లో తెప్పించాం. అది వేసుకుని, స్టీలు డబ్బా నిండా కోవా ముక్కలు పట్టుకుని, మణికొండలో మేముండే అపార్ట్‌మెంటులో మా బ్లాకంతా తిరిగింది. తలుపు తీసినవాళ్ళ చేతిలో ముందు కోవా పెట్టి, తర్వాత వార్త చెప్పింది. కింద ఇస్త్రీ చేసే ఆయనకి చెప్పింది. లిఫ్టు బాగుచేయడానికి వచ్చిన ముక్కూ మొహం తెలియని మనిషికి కూడా చెప్పింది. ఆయన నవ్వి రెండు ముక్కలు తీసుకున్నాడు. వెనకాల నడుస్తూ మా ఆయన వీడియో తీశాడు.

నాలుగో నెలలో ఆ కడుపు పోయింది. దాని గురించి ఎక్కువ రాయలేను. ఆసుపత్రి నుంచి వచ్చాక నేను చాలా రోజులు గోడవైపు తిరిగి పడుకున్నాను. మా అత్తయ్య చేవెళ్ళ అవతల ఉన్న ఊరి నుంచి వచ్చి వంటా పిల్లా అన్నీ చూసుకుంది. బేబీ దేవుడి దగ్గరికి వెళ్ళిపోయిందని అమ్మాయికి మా ఆయనే చెప్పాడు. అది తల ఊపి బొమ్మలు ముందేసుకుని కూర్చుందట. చిన్నపిల్ల, త్వరగా మరిచిపోతుందని అందరం అనుకున్నాం.

రెండేళ్ళ తర్వాత మళ్ళీ నెల తప్పాను. ఈసారి సంతోషం కంటే ముందు భయం వచ్చింది. వచ్చి ఇక పోలేదు. బాత్రూంలోకి వెళ్ళిన ప్రతిసారీ రక్తం పడిందేమోనని చూసుకునేదాన్ని. ఏమీ లేదని తెలిశాక కూడా కాసేపు అక్కడే గోడ పట్టుకుని నిలబడేదాన్ని. ఆఫీసు మీటింగుల్లో మైకు ఆపేసి పొట్ట మీద చెయ్యి వేసుకుని కూర్చునేదాన్ని. తుమ్మాలన్నా భయమే. కదలికలు మొదలయ్యాక బాగుంటుందనుకున్నాను. మొదలయ్యాక, ఆగిపోయాయేమోనని కొత్త భయం పట్టుకుంది. కాసేపు కదలకపోతే చల్లటి బత్తాయి రసం తాగి ఎడమవైపు తిరిగి పడుకునేదాన్ని. లోపల చిన్నగా తన్నేదాకా ఊపిరి ఆడేది కాదు. మా ఆయన "ఫికర్ చెయ్యకు, అంతా మంచిగుంటది" అనేవాడు. ఆ మాట వింటే ఒళ్ళు మండేది. మొదటిసారి కూడా అదే మాట అన్నాడు.

ఈసారి అయిదో నెల దాటేదాకా మా అమ్మకీ అత్తయ్యకీ తప్ప ఎవరికీ చెప్పకూడదని ఒట్టు పెట్టుకున్నాం. మా అత్తయ్య తోడుగా ఉంటానని వచ్చేసింది. మా అమ్మ గోదావరి జిల్లా నుంచి రోజూ ఫోన్ చేసి గుసగుసగా మాట్లాడేది, ఆ ఇంట్లో ఆవిడ తప్ప ఎవరూ లేకపోయినా. అయిదో నెల నిండాక, ఇక దాచినా దాగదు కాబట్టి, అమ్మాయిని దగ్గర కూర్చోబెట్టుకుని చెప్పాం. గంతులేస్తుందేమోనని ఎదురుచూశాం. అది నా పొట్ట వైపు ఒకసారి చూసి, "సరే" అని హోంవర్కు చేసుకోవడానికి వెళ్ళిపోయింది.

కుళ్ళు మొదలైందన్నాడు మా ఆయన. నాకూ అలాగే అనిపించింది. కానీ దాని తీరు మాకు అర్థమయ్యేది కాదు. నాతో లిఫ్టులోకి వచ్చేటప్పుడు తన స్కూలు బ్యాగు నా పొట్టకి అడ్డంగా పట్టుకుని నిలబడేది. పై అంతస్తు ఆవిడ ఒకరోజు నవ్వుతూ, "ఏంటమ్మా, తమ్ముడొస్తున్నాడా, చెల్లా?" అని అడిగింది.

"ఎవరూ రావట్లేదు ఆంటీ. మా అమ్మకి గ్యాస్" అంది మా అమ్మాయి.

ఆవిడ మొహం చూడాలి. నాకు సిగ్గుతో చెమటలు పట్టాయి. ఇంటికొచ్చాక గట్టిగా అరిచాను. మర్నాడు మళ్ళీ బ్యాగు అడ్డం పెట్టింది.

మా డాక్టరమ్మతో ఈ మాట చెబితే, పెద్దమ్మాయిని కూడా తీసుకురమ్మంది. బిడ్డ గుండె చప్పుడు వింటే తనకీ ప్రేమ పుడుతుందని చెప్పింది. తీసుకెళ్ళాం. నా పొట్ట మీద జెల్లు రాసి, మిషను పెట్టి, చప్పుడు పెద్దదిగా పెట్టింది డాక్టరమ్మ. దబదబమని గది నిండా వినిపించింది. ఆ కాసేపే నాకు భయం ఉండేది కాదు, అందుకే ఎప్పుడు విన్నా కళ్ళలో నీళ్ళు తిరిగేవి. అమ్మాయి ఎలా ఉందోనని తల తిప్పి చూశాను. రెండు చెవులూ మూసుకుని నిలబడి ఉంది. తర్వాత చేతులు తీసేసి గబగబా వెళ్ళి, ఓరగా తెరిచి ఉన్న తలుపు మూసి, దానికి వీపు ఆనించి నిలబడింది.

"భయమేసిందా?" అని డాక్టరమ్మ అడిగింది.

"బయట చాలామంది కూర్చున్నారు. వాళ్ళకి వినిపిస్తుంది" అంది.

డాక్టరమ్మ నవ్వింది. నేనూ నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ ఎలాగో ఉంటుంది.

ఏడో నెలలో సీమంతం చేద్దామన్నారు అత్తయ్య, మా అమ్మ. నాకు ఇష్టం లేదు. పట్టుచీర కట్టుకుని కుర్చీలో కూర్చుంటే నలుగురూ వచ్చి చూడటం, ముహూర్తం, గాజులు, ఇవన్నీ విధిని రెచ్చగొట్టడమే అనిపించింది. కానీ ఇద్దరూ ఒక్కటయ్యారు. ఏ విషయంలోనూ కలవని వియ్యపురాళ్ళు ఇందులో కలిశాక నా మాట ఎవరు వింటారు? పెళ్ళయిన ఇన్నేళ్ళలో వాళ్ళిద్దరూ ఒప్పుకున్న మరో సంగతి నాకు గుర్తులేదు. సరేనన్నాను. ఒక ఆదివారం పొద్దున మా ఇంట్లోనే, హాల్లో.

అమ్మాయికి కూడా ఏదో ఒక పని ఇవ్వాలని మళ్ళీ అనుకున్నాం. మొదటి గాజు నువ్వే తొడుగు అన్నాం, వద్దంది. వచ్చినవాళ్ళకి గంధం రాయి అన్నాం, వద్దంది. చివరికి తనే వచ్చి, "నేను ఫోటోలు తీస్తా. అమ్మ ఫోన్ ఇవ్వండి" అంది. మా ఆయన నా వైపు చూసి కళ్ళతోనే సంబరపడ్డాడు. ఇన్నాళ్ళకి పిల్ల దారికొచ్చిందని నేనూ మురిసిపోయాను. ఫోన్ చేతికిచ్చి, ముద్దు కూడా పెట్టాను.

ఇక్కడ మా అపార్ట్‌మెంటు గేటు సంగతి చెప్పాలి. బయటి మనిషి ఎవరొచ్చినా సెక్యూరిటీ అతను తన ఫోన్‌లోని యాప్‌లో పేరు కొడతాడు. మా ఫోన్ మోగుతుంది. పచ్చ బటన్ నొక్కితే లోపలికి పంపుతాడు, ఎర్రది నొక్కితే పంపడు. కూరగాయల మనిషయినా కలెక్టరయినా అంతే. ఇంటర్‌కమ్ ఉంది కానీ పాడై చాలా కాలమైంది. మా ఇంటికి ఆ యాప్ నా ఫోన్‌లో మాత్రమే ఉంది. మా ఆయన ఫోన్‌లో ఆఫీసు తప్ప ఇంకేదీ పట్టదు.

ఆ ఆదివారం నన్ను కుర్చీలో కూర్చోబెట్టి కాళ్ళకి పసుపు రాశారు. మా అమ్మ తెచ్చిన చలిమిడి ఒక పళ్ళెంలో, అత్తయ్య కొన్న ఆకుపచ్చ మట్టి గాజులు ఒక పళ్ళెంలో ముందు పెట్టారు. మా ఆయన భోజనాలు తేవడానికి బండేసుకుని వెళ్ళాడు. అమ్మాయి నా ఫోటో ఒకటి తీసి ఎటో వెళ్ళింది.

ఎవరూ రాలేదు.

చెప్పిన టైము దాటింది. వియ్యపురాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "ట్రాఫిక్ అయ్యుంటుందండీ వదినగారూ" అంది మా అమ్మ. ఆదివారం పొద్దున ట్రాఫిక్ ఏమిటని ఎవరూ అడగలేదు. ఆఫీసు నుంచి నా టీమువాళ్ళు రావాలి, ఊరి నుంచి అత్తయ్య అక్కగారు, చుట్టాలు ఆటో మాట్లాడుకుని రావాలి. పక్క బ్లాకువాళ్ళు సరే, వాళ్ళు ఎలాగూ భోజనం వేళకే వస్తారు. అత్తయ్య బాల్కనీలోకి వెళ్ళి చూసి వచ్చింది. మా బాల్కనీ వెనకవైపు, గేటు కనపడదు. పూలు వాడుతున్నాయి. సీమంతానికి కూర్చుంటే గడప తొక్కేవాళ్ళే లేకపోవడం ఎక్కడైనా ఉంటుందా? ఇలాంటివి నమ్మనని అందరితో వాదించేదాన్ని, ఆ కుర్చీలో కూర్చుని నమ్మేశాను. బిడ్డ కదిలి ఎంతసేపయిందో గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించాను. గుర్తు రాలేదు. ఒక్కసారి కదులు తల్లీ అని లోపలే బతిమాలుకున్నాను.

అప్పుడు అత్తయ్య ఫోన్ మోగింది. మా ఆయన. ఆవిడ స్పీకరు పెట్టకుండా ఎప్పుడూ మాట్లాడదు కాబట్టి అందరికీ వినిపించింది.

"అమ్మా, అందరు గేటు కాడనే నిలవడ్డరు. పెద్దమ్మ ఫోను ఇంటికాడ మరిచి, ఎండల మూట పట్టుకొని ఏడుస్తుంది. ఎవలొచ్చినా మన ఫ్లాటు నుంచి వద్దని వస్తుందట. ఆమె ఫోన్‌కు చేస్తె కట్ చేస్తున్నరట. నేను చెప్పినా, యాప్‌ల పచ్చది రానిదే ఇడువరట. ఏంది గిది?"

నాకు ఒక్క క్షణంలో అర్థమైంది. కుర్చీలోంచి లేచాను. లేవకూడదంటున్నా వినకుండా, పసుపు కాళ్ళతోనే గదులన్నీ వెతికాను. వంటింటి వెనక, వాషింగ్ మిషనుకీ గోడకీ మధ్య ఇరుక్కుని కూర్చుని ఉంది. చేతిలో నా ఫోన్ మోగుతోంది. నేను చూస్తుండగానే ఎర్ర బటన్ నొక్కింది.

కొట్టేదాన్నే. చెయ్యి లేచింది కూడా. అది నా మొహం వైపు చూడలేదు, నా పొట్ట వైపు చూస్తోంది.

"ఏం చేస్తున్నావే?" అన్నాను.

"వాళ్ళు రాకూడదు."

"ఎందుకు రాకూడదు?"

"వస్తే అందరికీ తెలిసిపోతుంది. తెలిస్తే బేబీ వెళ్ళిపోతుంది." ఫోన్ రెండు చేతులతో గుండెకి హత్తుకుంది. "అప్పుడు నేనే కదా చెప్పాను. అందరికీ కోవా ఇచ్చి మరీ చెప్పాను."

వాషింగ్ మిషను పట్టుకుని నెమ్మదిగా దాని పక్కన నేల మీద కూలబడ్డాను. "అలాగని నీకు ఎవరు చెప్పారు?" అని అడిగాను. అది నా వెనక్కి చూసింది. గుమ్మంలో అత్తయ్య నిలబడి ఉంది.

"నానమ్మ ఫోన్‌లో చెప్తుంటే విన్నా" అంది చివరికి.

అత్తయ్య కాదనలేదు. బొంకలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "అవును, అన్న బిడ్డా. అప్పుడు మా అక్కతోని అన్న. పోరి ఇల్లిల్లు తిరిగి చెప్పింది, దిష్టి తగలకుంటె ఏమైతది అన్న. నువ్వు ఇంటవనుకోలే" అంది.

నాకు వచ్చిన కోపం అంతా ఇంతా కాదు. రెండేళ్ళు. ఈ పిల్ల రెండేళ్ళు ఈ మాట ఒంటరిగా మోసుకుంటూ స్కూలుకి వెళ్ళింది, హోంవర్కు చేసింది, పుట్టినరోజు కేకు కోసింది. నోరు తెరిస్తే అత్తయ్యని ఏమంటానో నాకే తెలియక పళ్ళు బిగబట్టుకున్నాను.

"ఇప్పుడు వాళ్ళొస్తే ఏం కాదా? ప్రామిస్ చెయ్యి అమ్మా" అంది అమ్మాయి.

ఎంత తేలిక మాట. ప్రామిస్ అంటే అయిపోయేది. కానీ నా నోట్లోంచి రాలేదు. రేపు ఏదైనా జరిగితే ఈ పిల్ల ఇక ఎవరినీ నమ్మదు.

"ప్రామిస్ చెయ్యలేనమ్మా. నాకు తెలియదు. నాకూ భయంగానే ఉంది" అన్నాను.

"నువ్వు పెద్దదానివి కదా?"

"అయినా భయమే. రోజూ భయమే. కానీ ఒక్కటి మాత్రం నాకు బాగా తెలుసు. నువ్వు చెప్పడం వల్ల ఆ బేబీ వెళ్ళలేదు. లోపల ఏదో సరిగ్గా కుదరలేదని డాక్టర్ చెప్పింది. నువ్వు ఎవరికీ చెప్పకపోయినా ఉండేది కాదు."

అది విన్నది. విని, అత్తయ్య వైపు చూసింది. కళ్ళకీ దిష్టికీ సంబంధించిన విషయాల్లో దానికి నా మాట కంటే, డాక్టర్ మాట కంటే, నానమ్మ మాటే గట్టిది. ఆ సంగతి అత్తయ్యకీ తెలిసింది. ఆవిడకి మోకాళ్ళ నొప్పులు, నేల మీద కూర్చుని ఏళ్ళయింది. అయినా గోడ పట్టుకుని, మూలుగుతూ, మా ఎదురుగా చతికిలబడింది. చెయ్యి చాచి నా పొట్ట మీద వేసింది. అమ్మాయితో కాదు, కడుపులో ఉన్న బిడ్డతో మాట్లాడింది.

"ఇగ జర ఇను. ఇయ్యాల వీళ్ళందరిని పిలిచింది నేను. ఫోన్లు చేసింది నేను. మీ అక్క ఎవ్వలకు ఒక్క ముక్క చెప్పలే. నీకేమన్నయితె నన్నడుగు. మీ అక్కను అడగద్దు."

దిష్టిని నమ్మే మనిషి ఆవిడ, ఇప్పటికీ నమ్ముతుంది. నమ్ముతూనే ఆ మాట అంది. ఆవిడకి కూడా నాకున్నంత భయం ఉందని అప్పుడే తెలిసింది. నా కోపం ఎక్కడికీ పోలేదు కానీ, ఆవిడ చేతి మీద నా చెయ్యి వేశాను.

ఫోన్ మళ్ళీ మోగింది. అమ్మాయి దాన్ని నానమ్మ వైపు చాపి, "నువ్వే నొక్కు. పచ్చది" అంది. అత్తయ్య వేలు తడుముకుని నొక్కింది. బిడ్డ ఎప్పుడు కదిలిందో నేను గమనించలేదు. వాళ్ళంతా లిఫ్టు దిగి వస్తున్న చప్పుడు వినిపించేసరికి కదులుతోంది.

అత్తయ్య అక్కగారు లోపలికి వస్తూనే మొదలుపెట్టింది. ఎండలో బిచ్చగాళ్ళలాగా నిలబెట్టారని, ఈ సిటీ ఇళ్ళకి ఇంక జన్మలో రానని. అత్తయ్య ఆవిడ చేతిలో మూట అందుకుని, "నాదే తప్పు అక్కా. ఫోను నా కాడుండె, ఏది నొక్కాల్నో తెల్వలే" అంది. అమ్మాయి నా కొంగు పట్టుకుని నిలబడి అదంతా విన్నది. ఆ రోజు ఫోటోలు ఎవరూ తీయలేదు.

తర్వాత రెండు నెలలూ లిఫ్టులో బ్యాగు అడ్డం పెట్టడం మానలేదు. నేనూ అరవడం మానేశాను. అడిగినవాళ్ళకి ఏమీ చెప్పేది కాదు, నేను చెబుతుంటే ఆపేది కూడా కాదు. ఒక్కోసారి స్కూలు నుంచి వచ్చి బూట్లు విప్పకుండానే, "ఈరోజు ఎక్కువ భయమా, తక్కువ భయమా?" అని అడిగేది. ఉన్నది ఉన్నట్టు చెప్పేదాన్ని. నీకెలా ఉందంటే అదీ చెప్పేది. మా ఆయనకి ఈ లెక్క అర్థమయ్యేది కాదు, మంచిగుంటదని ఇద్దరికీ కలిపి చెప్పేవాడు.

ప్రసవం పగలే అయింది. కొడుకు. ఏడ్చాడు. ఆ ఏడుపు విన్నాక కూడా, బాగున్నాడా అని అక్కడున్న ప్రతి నర్సునీ అడిగాను. విసుగొచ్చి ఒకామె, "అమ్మా, మీకన్నా గట్టిగున్నడు" అంది.

మర్నాడు స్కూలు అయ్యాక మా ఆయన అమ్మాయిని తీసుకొచ్చాడు. అత్తయ్య కిటికీ పక్కన కుర్చీలో కూర్చుని బాబుని ఒళ్ళో పెట్టుకుని ఉంది. వాడు పుట్టిన దగ్గర్నుంచీ పాలకీ స్నానానికీ తప్ప దించలేదు. అమ్మాయి దగ్గరికి వెళ్ళి వంగి చూసింది. దుప్పటి కింద నుంచి బయటికొచ్చిన పాదాన్ని వేలితో తాకింది. తర్వాత నా మంచం దగ్గరికి వచ్చి, చెవిలో అడిగింది.

"అమ్మా, ఇప్పుడు చెప్పొచ్చా?"

నేను వెంటనే అవునని అనలేకపోయాను. ముందు బాబు వైపు చూశాను. దుప్పటి పైకి లేస్తోంది, దిగుతోంది. అది కూడా అటే చూసింది.

"చెప్పు" అన్నాను.

వరండాలోకి పరిగెత్తి కనపడిన వాళ్ళందరికీ చెబుతుందనుకున్నాను. వెళ్ళలేదు. నా మంచం చుట్టూ తిరిగి వెళ్ళి, కిటికీ పక్కన కుర్చీ ముందు చేతులు కట్టుకుని నిలబడింది.

"నానమ్మా, నాకు తమ్ముడు పుట్టాడు."

అత్తయ్య ఒళ్ళో ఉన్న వాడి మీద నుంచి తల ఎత్తి దాని మొహంలోకి చూసింది.

"అవునా బిడ్డా" అంది. "నాకెవ్వలు చెప్పనే లేదు గద."